వెనక బ్రేకు పిస్టన్ ఎందుకు మొండికేస్తుంది?

ఆటోనగర్‌లో ఒక షెడ్డు. నా పాత సెడాన్ స్టాండ్ల మీద ఉంది. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరగంటలో మార్చేసిన కుర్రాడు వెనక ఎడమ చక్రం దగ్గర ముప్పావుగంటగా కూర్చుని ఉన్నాడు. కాలిపర్‌కి, అంటే ప్యాడ్లని డిస్కుకి అదిమే పిస్టన్ ఉన్న భాగానికి, సీ క్లాంపు వేసి, క్లాంపు పిడికి ఇనప గొట్టం తొడిగి, గోడకి కాలు తన్నిపెట్టి మరీ బిగిస్తున్నాడు. పిస్టన్ వెంట్రుకవాసి కదల్లేదు.

"పట్టేసింది సార్. కాలిపర్ మార్చాల్సిందే" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

పక్కన సైలెన్సర్ వెల్డింగు చూసుకుంటున్న పెద్దాయన వచ్చి, క్లాంపు విప్పి పక్కన పడేశాడు. నోస్ ప్లయర్ రెండు కొనలూ పిస్టన్ ముఖం మీదున్న గాట్లలో ఆనించి, సీసా మూత బిగించినట్టు కుడివైపుకి తిప్పాడు. పిస్టన్ తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ, కంటికి ఆనీ ఆనకుండా లోపలికి దిగింది. "తొయ్యకురా, తిప్పు. ఇది వెనకది" అని కుర్రాడి నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్ళీ వెల్డింగు దగ్గరికి పోయాడు.

కుర్రాణ్ణి తప్పుపట్టలేం. అతను చెయ్యి తిరిగింది బైకుల మీద. పల్సర్‌కో డ్యూక్‌కో వెనక డిస్కు ఉన్నా దానికి హ్యాండ్ బ్రేకు ఉండదు, పిస్టన్‌ని బొటనవేళ్ళతో అదిమినా లోపలికి పోతుంది. కార్లలోనేమో మన దగ్గర ఎక్కువ భాగానికి వెనక డ్రమ్ములే. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్ సరే, అంత పెద్ద ఇన్నోవా క్రిస్టాకీ వెనక డ్రమ్ములే. కాబట్టి వెనక డిస్కు ఉన్న కారు షెడ్డుకి వచ్చిన రోజున, ముందు చక్రాల దగ్గర నేర్చుకున్న విద్యనే వెనక చక్రం మీద ప్రయోగిస్తారు. అక్కడే కాలిపర్లు పోతాయి.

ముందు చక్రం దగ్గర ఏం జరుగుతుందో చూస్తే వెనకది ఎందుకు వేరో తెలుస్తుంది. బ్రేకు తొక్కితే పెడల్ వెనకున్న మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన ఒత్తిడి బ్రేక్ ఆయిల్ ద్వారా కాలిపర్‌కి చేరి, పిస్టన్‌ని బయటికి నెడుతుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని డిస్కుకి అదుముతుంది. మామూలు కార్లలో ఉండేది ఒకే వైపు పిస్టన్ ఉన్న కాలిపర్. అది రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది కనక, ఇటు పిస్టన్ నెడుతుంటే కాలిపర్ ఒళ్ళు వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొచ్చి డిస్కుకి ఆనిస్తుంది. కాలు తీస్తే పిస్టన్‌ని వెనక్కి లాగడానికి లోపల స్ప్రింగేమీ లేదు. ఆ పని చేసేది పిస్టన్ చుట్టూ ఉన్న ఒక రబ్బరు సీలు. దాన్ని అడ్డంగా కోస్తే గుండ్రంగా కాక పలకలుగా ఉంటుంది. పిస్టన్ ముందుకెళ్ళేటప్పుడు ఆ రబ్బరు దాన్ని వదలకుండా పట్టుకుని వంగుతుంది. ఒత్తిడి పోగానే నిటారుగా నిలబడుతూ, పిస్టన్‌ని మిల్లీమీటరులో ఎన్నో వంతు మాత్రం వెనక్కి లాగుతుంది. డిస్కుకీ ప్యాడ్‌కీ మధ్య ఉండే ఖాళీ అంతా అదే.

ప్యాడ్ అరిగేకొద్దీ రబ్బరు వంగగలిగిన దూరం చాలదు. అప్పుడు పిస్టన్ రబ్బరులోంచి కాస్త జారి ముందుకి వచ్చి కొత్త చోట కుదురుకుంటుంది. అంటే అరుగుదల సర్దుబాటు దానంతటదే జరిగిపోతుంది. ఒక్కో ప్యాడ్ ఎనిమిది మిల్లీమీటర్లు అరిగిందంటే, ఒకే పిస్టన్ రెండింటినీ మోస్తుంది కనక, అది దాదాపు పదహారు మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఉంటుంది. కొత్త మందపాటి ప్యాడ్లు పట్టాలంటే ఆ పదహారూ వెనక్కి వెళ్ళాలి. ముందు చక్రానికి దీనికి బలం ఒక్కటే కావాలి. పాత ప్యాడ్‌ని అడ్డంపెట్టి క్లాంపు బిగిస్తే నెమ్మదిగా పోతుంది.

ఒకే పిస్టన్‌కి రెండు ఉద్యోగాలు

వెనక చక్రాలకి ఇంకో బాధ్యత ఉంది: బండి నిలబడి ఉన్నప్పుడు దొర్లిపోకుండా చూడటం. ఈ పని ఆయిల్ ఒత్తిడికి అప్పజెప్పలేం. ఒత్తిడి గంటల తరబడి నిలవదు. ఎక్కడో ఓ చుక్క కారినా, చల్లబడి కుంచించుకుపోయినా పట్టు సడలుతుంది. అందుకే పార్కింగ్ బ్రేకు పట్టు పూర్తిగా ఇనప భాగాలతోనే నిలవాలని నిబంధనలు చెబుతాయి. ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధన ప్రకారం, నిండా బరువున్న కారుని 20 శాతం వాలు మీద, ఎగువకి గానీ దిగువకి గానీ, కదలకుండా పట్టుకోగలగాలి.

డ్రమ్ము బ్రేకుతో ఇది తేలిక. కేబుల్ లాగితే లోపలి షూలు విచ్చుకుని డ్రమ్ముకి పట్టుకుంటాయి. వెనక డిస్కులు వచ్చాకే చిక్కు వచ్చింది. దానికి కంపెనీలు రెండు దారులు పట్టాయి. ఒకటి, డిస్కు మధ్యలో టోపీలా ఉబ్బిన భాగంలో బుల్లి డ్రమ్ము, బుల్లి షూలు పెట్టడం. టయోటా ప్రాడోలో, పాత మెర్సిడెస్‌లలో ఇదే చూస్తాం. ఇలాంటి బండికి వెనక కాలిపర్ కూడా ముందుదాని లాంటిదే, పిస్టన్ నేరుగా నొక్కితే పోతుంది. రెండోది, హ్యాండ్ బ్రేకు యంత్రాంగాన్నంతా కాలిపర్ పిస్టన్ కడుపులోకే ఎక్కించడం. పాత ఆక్టేవియా వెనక చక్రంలో ఉన్నది అదే, నా సెడాన్‌లో ఉన్నదీ అదే.

జంతికల గొట్టం గుర్తు తెచ్చుకోండి. పాత ఇత్తడి గొట్టానికి రెండు చెవులు పట్టుకుని అదిమితే పిండి దిగేది, ఎత్తితే లోపలి దిమ్మె పైకొచ్చేది. తర్వాత వచ్చినదానికి పైన మర కడ్డీ, తిప్పే పిడి. తిప్పితే దిమ్మె దిగుతుంది. ఆ దిమ్మెని కింద నుంచి పిడికిలితో ఎంత గుద్దినా పైకి పోదు, మళ్ళీ మర తిప్పాల్సిందే. ముందు పిస్టన్ మొదటి రకం గొట్టం. వెనకది రెండోది, అదీ ఇంకో మెలికతో.

ఆ మెలిక చూడాలంటే పిస్టన్ లోపలికి వెళ్ళాలి. పిస్టన్ బోలుగా, బోర్లించిన గ్లాసులా ఉంటుంది. ఆ గ్లాసు లోపల ఒక నట్టు. నట్టులోంచి ఒక మర కడ్డీ. కడ్డీ వెనక కొస కాలిపర్ గోడ అవతల ఉన్న లివర్ దగ్గరికి వస్తుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ ఆ లివర్‌ని తిప్పితే, దాని అడుగున వాలు గాడుల్లో ఉన్న ఇనప గోళీలు గాడి ఎక్కి కడ్డీని ముందుకు నెడతాయి. కడ్డీ నట్టుని, నట్టు పిస్టన్‌ని, పిస్టన్ ప్యాడ్‌ని. బండి ఆగి ఉంటుంది. తయారీదారుని బట్టి లోపలి భాగాల రూపం మారుతుంది గానీ పని చేసే తీరు ఇంచుమించు ఇదే.

ఇప్పుడు ప్యాడ్లు అరిగాయి. పిస్టన్ ముందుకి జరిగింది. కడ్డీ ఉన్నచోటే ఉంటే హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు అది పిస్టన్‌ని అందుకోలేదు. అందుకని నట్టు తనంతట తాను ముందుకి జరిగే ఏర్పాటు ఉంది. మామూలు బ్రేకు తొక్కినప్పుడు పిస్టన్ ముందుకెళ్తుంటే నట్టు కూడా వెంట వెళ్తుంది, మరల మధ్య కావాలని వదిలిన కాస్త సందు ఉన్నంత మేరకు. పిస్టన్ అంతకన్నా ముందుకెళ్ళాల్సి వస్తే, నట్టు పిస్టన్ లోపలి వాలు గోడ నుంచి విడివడుతుంది. విడివడిన నట్టుని ఆపేదేమీ లేదు. వెనక నుంచి స్ప్రింగు తోస్తుంటే కడ్డీ మీద గిర్రున తిరిగి, ముందుకి జరిగి, మళ్ళీ పిస్టన్‌ని అందుకుంటుంది. నెలల తరబడి, మనకి తెలియకుండా, కొంచెం కొంచెంగా ఈ పని సాగుతూనే ఉంటుంది.

ఆ స్థితిలో సీ క్లాంపు వేసి వెనక్కి నొక్కితే పిస్టన్ నట్టు మీదికి వాలి, ఆ వాలు గోడతో దాన్ని బిగబట్టేస్తుంది. ఇక నట్టు తిరగాలంటే పిస్టన్ కూడా తిరగాలి. పిస్టన్‌ని క్లాంపు తిరగనివ్వదు. ఎంత గట్టిగా నొక్కితే పట్టు అంత గట్టిపడుతుంది. అరకు ఘాట్లో టీకి ఆపిన బండిని దొర్లిపోకుండా నిలిపేది సరిగ్గా ఈ పట్టే. గొట్టం తొడిగి క్లాంపు బిగిస్తున్న కుర్రాడు తుప్పుతో పోరాడుతున్నాననుకున్నాడు. పోరాడుతున్నది హ్యాండ్ బ్రేకుతో. ఆ పోరులో అతను గెలిస్తే మరీ ప్రమాదం. మర తినేసో, నట్టు పట్టే గోడ చెడిపోయో, లోపలి స్ప్రింగు విరిగో ఉంటుంది. పైకి ఏమీ కనబడదు. కొత్త ప్యాడ్లు పడతాయి, కాలి బ్రేకు బాగానే ఉంటుంది, హ్యాండ్ బ్రేకు మాత్రం ఇక కుదుటపడదు.

పిస్టన్‌ని తిప్పితే నట్టు కూడా దాంతోపాటు కడ్డీ మీద తిరుగుతూ వెనక్కి నడుస్తుంది. పెద్దాయన చేసింది అంతే.

చూపుతోనే తేలే విషయం

టూలు ముట్టుకునే ముందు కాలిపర్ వెనక్కి తలపెట్టి చూడండి. హ్యాండ్ బ్రేకు కేబుల్ కాలిపర్ మీది లివర్‌కి వచ్చి కలుస్తోందా? అయితే పిస్టన్ తిప్పేదే. దాని ముఖం మీద ప్లస్ గుర్తులా గాడులో, ఎదురెదురుగా గాట్లో ఉంటాయి. కేబుల్ డిస్కు వెనక్కి దూరిపోతోంది, పిస్టన్ ముఖం నున్నటి గిన్నె అంచులా ఉంది అంటే లోపల బుల్లి డ్రమ్ము ఉందన్నమాట. అది నొక్కేది. కేబులే లేదు, కాలిపర్ వీపున పిడికిలంత ప్లాస్టిక్ బుడిపె, దానికి వైరు ప్లగ్గు ఉంటే అది మోటారు. దాని సంగతి వేరే ఉంది, వస్తాను.

తిప్పే పిస్టన్‌కి నోస్ ప్లయర్ గతిలేనప్పటి వైద్యం. నేను కళ్ళారా చూశాను కనక పనికిరాదనను, కానీ జారితే పక్కనున్న రబ్బరు బూటుని చీరేస్తుంది. గ్రైండర్‌తో వచ్చే రెండు పిన్నుల పానాతో తిప్పేవాళ్ళూ ఉన్నారు, అది కాస్త నయం. అసలైనది విండ్‌బ్యాక్ టూలు: ఒక పలక కాలిపర్ గోడకి ఆనుతుంది, మధ్య కడ్డీ కొసన ఉన్న బిళ్ళ మీది పిన్నులు గాట్లలో కూర్చుంటాయి, పిడి తిప్పితే ఒకేసారి నొక్కుతూ తిప్పుతుంది. ఈ రెండూ కలిసి జరగడం ముఖ్యం. చాలా బండ్లలో వట్టిగా తిప్పితే పిస్టన్ ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది, మీద కాస్త బరువు పడితేనే దిగుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ టూలు కొనే పని కూడా లేదు. పెద్ద ఆటో విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, వాడి తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. అక్కడ లేబర్ బిల్లు చూసి వారాంతంలో గ్యారేజీలో తామే ప్యాడ్లు మార్చుకునే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు తక్కువేం కాదు.

ఏ వైపు తిప్పాలి? చాలా కార్లకి గడియారం ముల్లు తిరిగే వైపు, కుడి ఎడమ చక్రాలు రెంటికీ అంతే. కానీ కొన్నిటికి ఒక వైపు కాలిపర్‌లో ఎడమ మర ఉంటుంది, అక్కడ ఎదురు తిప్పాలి. టూలు సెట్లలో కుడి మర కడ్డీ ఒకటి, ఎడమ మర కడ్డీ ఒకటి ఇచ్చేది అందుకే. అనుమానముంటే రెండు చుట్లు తిప్పి గమనించండి. దిగుతుంటే సరే. ఎదురు బయటికి వస్తుంటే వెంటనే ఆపాలి, తిప్పుకుంటూ పోతే కడ్డీ నుంచి ఊడి చేతికొచ్చేస్తుంది.

అన్నిటికీ ముఖం వైపు నుంచే తిప్పాలనీ లేదు. 1990ల మాజ్డా ఎంఎక్స్-5 వెనక కాలిపర్ వీపున ఒక బోల్టు ఉంటుంది. అది విప్పితే లోపల 4 మిల్లీమీటర్ల ఎలెన్ కీ పట్టే చిన్న రంధ్రం. దాన్ని ఎడమవైపుకి తిప్పితే పిస్టన్ దానంతటదే వెనక్కి జరుగుతుంది. ప్యాడ్లు వేశాక కుడివైపుకి తిప్పి ఆనించి, మూడో వంతు చుట్టు వదలాలి. ఈ రంధ్రం సంగతి తెలియక ముఖం మీద కుస్తీ పట్టినవాళ్ళు ఎందరో. ఇంకో వింత, 1987 దాకా వచ్చిన సాబ్ 900కి హ్యాండ్ బ్రేకు ముందు చక్రాల మీద పనిచేసేది. అక్కడ ముందు పిస్టన్లే మొండికేస్తాయి, వెనకవి బుద్ధిగా పోతాయి.

తిప్పినా తిరక్కపోతే? మొదట హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారో లేదో చూడండి. నవ్వకండి, సగం కేసులు ఇవే. బండి దొర్లుతుందన్న భయంతో లాగి ఉంచేస్తారు. వెనక పని చేసేటప్పుడు హ్యాండ్ బ్రేకు దించే ఉండాలి కనక బండిని గేరులో పెట్టి, ముందు టైర్లకి రెండు వైపులా రాళ్ళు పెట్టాల్సిందే. వట్టి జాకీ మీద నమ్మకం పనికిరాదు, స్టాండ్లు ఉండాలి. హ్యాండ్ బ్రేకు దించినా పిస్టన్ కదలకపోతే బ్లీడర్ నిప్పిల్, అంటే కాలిపర్ నుంచి ఆయిల్ బయటికి వదిలే చిన్న మర, కాస్త వదులు చేసి మళ్ళీ తిప్పండి. అప్పుడు హాయిగా పోతే తప్పు కాలిపర్‌ది కాదు, రబ్బరు హోసు లోపల ఉబ్బి మూసుకుపోయింది. ఆయిల్‌ని వెళ్ళనిస్తుంది, రానివ్వదు. అప్పటికీ కదలకపోతేనే నిజంగా పట్టేసినట్టు. విశాఖ బీచ్ రోడ్డు గాలికి నెలల తరబడి నిలబెట్టిన బండ్లలో, బూటు చినిగి లోపలికి నీరు దిగిన కాలిపర్లలో ఇది మామూలే.

బూటు అంటే పిస్టన్ చుట్టూ ఉన్న అకార్డియన్ మడతల రబ్బరు. పిస్టన్ తిరిగేటప్పుడు ఇది కూడా అతుక్కుని మెలిపడుతుంది. తడిబట్ట పిండినట్టు మెలికలు కనిపిస్తే ఆపి, దాని అంచుకి కొంచెం సిలికాన్ గ్రీజు రాసి, సన్నటి మొద్దు పుల్లతో అంచు విడదీసి మళ్ళీ తిప్పాలి. షెడ్డులో అందరికీ అందుబాటులో ఉండే పసుపుపచ్చ లిథియం గ్రీజు డబ్బా మాత్రం ఈ పక్కకి రానివ్వకూడదు. బ్రేకు రబ్బర్లు పెట్రోలియం నూనెలకి ఉబ్బిపోతాయి. ఇవాళ నున్నగా జారిన పిన్నులు, రెండు నెలలకి ఉబ్బిన రబ్బరులో ఇరుక్కుని, ఒక ప్యాడ్ ఇనుము దాకా అరిగి, రెండోది కొత్తగానే ఉంటుంది. దీనికి నింద మళ్ళీ ప్యాడ్ల కంపెనీ మీద పడుతుంది.

వెనక్కి వెళ్ళిన ఆయిల్ ఎక్కడికి పోతుంది

పిస్టన్ లోపలికి దిగితే దాని వెనకున్న బ్రేక్ ఆయిల్ గొట్టాల్లోంచి బానెట్ కింది డబ్బాలోకి ఎగదన్నుతుంది. ప్యాడ్లు అరిగినప్పుడు డబ్బాలో మట్టం తగ్గిందని ఎవరో మధ్యలో గరిష్ఠ గీత దాకా నింపి ఉంటే, ఇప్పుడు పొంగి పొర్లుతుంది. అది పెయింటుని తినేస్తుంది. ముందే మూత తీసి, సిరంజితో కొంత తోడేయడం మేలు. పడిన చుక్కల మీద వెంటనే నీళ్ళు పోయాలి.

నిప్పిల్ విప్పి పాత ఆయిల్‌ని బయటికి వదిలేస్తూ పిస్టన్ నొక్కాలా, లేక డబ్బాలోకే పోనివ్వాలా అన్నదాని మీద మెకానిక్కుల మధ్య ఎప్పుడూ వాదనే. కాలిపర్ అడుగున పేరుకున్న మురికి వెనక్కి వెళ్ళి గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోని సన్నటి వాల్వుల్లో ఇరుక్కుంటుందన్నది మొదటివాళ్ళ భయం. నా మటుకు, ఆయిల్ రెండేళ్ళు దాటినదైతే నిప్పిల్ విప్పేస్తాను, ఎలాగూ మార్చాల్సిన ఆయిలే. కొత్తదైతే డబ్బాలోకి పోనిస్తాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హామీ 155 డిగ్రీలకి పడిపోతుంది. ఘాట్ దిగుతుంటే కాళ్ళ కింద పెడల్ మెత్తబడటానికి ఇదొక కారణం. అయితే నిప్పిల్ విప్పితే గాలి చొరబడకుండా చూసుకోవడం, చివర్లో ఎయిర్ తీయడం తప్పవు. ఆ ఓపిక లేనివాళ్ళు విప్పకపోవడమే మంచిది.

పనిలో కాలిపర్‌ని హోసు మీద వేలాడదీయకండి. తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టేయండి.

వేసేటప్పుడు జరిగే తప్పులు

పిస్టన్ దిగిందనగానే పని అయిపోయినట్టు ఊపిరి పీల్చుకుంటారు. నా సెడాన్ విషయంలో అసలు తప్పు ఆ తర్వాతే జరిగిందని నాలుగు నెలలకి తెలిసింది. చాలా జపనీస్ బండ్లలో లోపలి ప్యాడ్ వీపున చిన్న బొడిపె ఉంటుంది. అది పిస్టన్ ముఖం మీది గాడిలో కూర్చోవాలి. పిస్టన్‌ని తిరగనివ్వకుండా పట్టి ఉంచేది ఆ బొడిపే. అది పట్టి ఉంచితేనే లోపల నట్టు సవ్యంగా ముందుకి నడుస్తుంది. పిస్టన్‌ని చివరిదాకా తిప్పాక, గాడి బొడిపెకి ఎదురుగా వచ్చేలా అరచుట్టో పావుచుట్టో వెనక్కి తిప్పి ఆపాలి. నాకు వేసినప్పుడు అలా ఆపలేదు. బొడిపె గాడిలో కాక అంచు మీద ఎక్కి కూర్చుంది. ప్యాడ్ ఏటవాలుగా నిలబడి, పై అంచు సగం, కింది అంచు పావు మందానికి అరిగింది. విప్పి చేతిలో పెట్టుకుంటే కొబ్బరి ముక్కలా ఒక పక్క లావు, ఒక పక్క పలచన. బొడిపె లేని బండ్లూ ఉన్నాయి, వాటికి గాట్లు టూలు కోసమే. పాత ప్యాడ్ తీసినప్పుడే తిప్పి చూసుకుంటే మీదేదో తెలుస్తుంది.

హ్యాండ్ బ్రేకు పైదాకా వస్తోంది, పట్టడం లేదు అన్న ఫిర్యాదుకి షెడ్డుల్లో ఒకటే మందు: కేబుల్ బిగించడం. డ్రమ్ము బండికి అది చాలావరకు సరే. కాలిపర్‌లో హ్యాండ్ బ్రేకు ఉన్న బండికి అది జబ్బుని దాచేయడమే. హ్యాండ్ బ్రేకు దించినప్పుడు కాలిపర్ మీది లివర్ పూర్తిగా వెనక్కి వచ్చి దాని ఆపుడు బొడిపెకి తగలాలి. కేబుల్ బిగిసి లివర్ మధ్యలోనే నిలిచిపోతే లోపలి కడ్డీ కూడా ముందుకి జరిగే ఉంటుంది. మరల మధ్య ఉండాల్సిన సందు లెక్క తప్పుతుంది, నట్టు తన సర్దుబాటు తాను చేసుకోలేదు. ఇంకో రెండు నెలలకి మళ్ళీ హ్యాండ్ బ్రేకు పైకొస్తుంది, మళ్ళీ కేబుల్ బిగిస్తారు. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు కేబుల్ వదులు చేసి, కాలి బ్రేకు ఇరవై ముప్పై సార్లు మెల్లగా తొక్కితే నట్టు దాని చోటుకి చేరుతుంది. కేబుల్ బిగింపు ఆ తర్వాత చూసుకోవాలి, మాన్యువల్ చెప్పినన్ని క్లిక్కులకి, రెండు లివర్లూ ఆపుడు బొడిపెలకి తగులుతున్నాయని కళ్ళతో చూసి.

బటన్ ఉన్న బండ్లు

2001 నాటి బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లోనే హ్యాండ్ బ్రేకు లివర్‌కి బదులు బటన్ వచ్చేసింది. 2005లో వచ్చిన ఫోక్స్‌వాగన్ పస్సాట్‌లో మోటారు నేరుగా వెనక కాలిపర్ల మీదికి ఎక్కింది. ఇప్పుడు మన రోడ్ల మీద క్రెటా, ఎక్స్‌యూవీ700 లాంటి వాటి పై వేరియంట్లలో ఉన్నది ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకే.

ఇక్కడ కథ తిరగబడుతుంది. మోటారు గేర్ల ద్వారా కడ్డీని తిప్పుతుంది. నట్టు పిస్టన్ కడుపులో ముందుకీ వెనక్కీ నడుస్తుంది. బ్రేకు వదిలినప్పుడు నట్టు కాస్త వెనక్కి వెళ్తుంది గానీ, ప్యాడ్ మార్చడానికి కావలసినంత కాదు. ఆ చివరిదాకా దాన్ని పంపాలంటే బండి కంప్యూటర్‌కి చెప్పాలి: ప్యాడ్లు మారుస్తున్నాం, పూర్తిగా వెనక్కి తగ్గు అని. దీన్నే సర్వీస్ మోడ్ అంటారు. స్కానర్ పెట్టి చేసేవి ఎక్కువ, కొన్నిటికి యాక్సిలరేటర్, బటన్, ఇగ్నిషన్ ఒక వరసలో నొక్కితే సరిపోతుంది. ఆ వరస మీ మోడల్‌ది మాన్యువల్లోనే చూడాలి, పక్కింటి బండిది పనికిరాదు. మోటారు గుర్రుమని ఆగాక, నట్టు దారి తప్పుకున్నాక, ఇక పిస్టన్‌కి అడ్డేమీ లేదు. ముందు చక్రం పిస్టన్‌లా నేరుగా నొక్కితే పోతుంది. తిప్పకూడదు. వెనక పిస్టన్ అంటే తిప్పేది అని నేర్చుకున్న మెకానిక్ ఇక్కడ మళ్ళీ తప్పటడుగు వేస్తాడు. సర్వీస్ మోడ్ పెట్టకుండా క్లాంపు బిగిస్తే నలిగేది లోపలి గేర్లు.

కాలిపర్ విప్పి ఉండగా ఎవరైనా కార్లో కూర్చుని ఆ బటన్ నొక్కితే అంతే సంగతులు. ఎదురుగా డిస్కు లేదు, మోటారు పట్టు దొరికేదాకా నట్టుని నడుపుతూ పోతుంది. పిల్లలు కార్లో ఉంటే దించేయండి, తాళం జేబులో పెట్టుకోండి. బ్యాటరీ నీరసంగా ఉంటే ఛార్జరు తగిలించే మొదలుపెట్టాలి, మోటారు సగంలో ఆగితే ఇంకో తలనొప్పి. కొందరు మోటారు ప్లగ్గు పీకి బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు ఇచ్చి తిప్పుతారు. నడుస్తుంది గానీ ఎక్కడ ఆపాలో మోటారుకి తెలియదు, చేసేవాడికీ తెలియదు.

అన్నీ బిగించాక చివరి పని ఒకటుంది. పిస్టన్ ఇంకా లోపలే ఉంది, ప్యాడ్‌కీ దానికీ మధ్య మిల్లీమీటర్ల ఖాళీ. ఇప్పుడు బండి స్టార్టు చేసి రివర్సు గేరు వేసి బ్రేకు తొక్కితే పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. ప్యాడ్లు మార్చిన రోజునే షెడ్డు గోడకి గుద్దుకున్న బండిని నేను చూశాను. అందుకే చక్రాలు బిగించి దించగానే, ఇంజిన్ ఆపి ఉండగానే, పెడల్‌ని మెల్లగా తొక్కుతూ వదులుతూ పోవాలి. మొదటి నాలుగైదు సార్లు గాలిలో తొక్కినట్టుంటుంది. తర్వాత సగంలో ఆగుతుంది, తర్వాత పైనే గట్టిపడుతుంది. పాదానికి ఆ గట్టిదనం తగిలాక డబ్బాలో ఆయిల్ మట్టం చూసి, హ్యాండ్ బ్రేకు లాగి, అప్పుడు దిగి ముందు టైర్ల కింద పెట్టిన రాళ్ళు తీయండి.